నిమ్మళం దెబ్బ

మా బిల్డింగుల ఆదివారం నాడు గోడకు మేకు కొట్టినా తప్పే. వాషింగ్ మెషీన్ తిప్పినా కింద నుంచి చీటీ వస్తది. అసొంటి ఆదివారం నేను డప్పు కొట్టిన.

జర్మనీల ఈ కైసర్స్‌లౌటర్న్ ఊర్ల ఉన్న తెలంగాణోళ్లమంత కలిసి బతుకమ్మ చేద్దామనుకున్నం. డప్పు ఎవలకన్న వస్తదా అంటే నోరూరుకోక నాకొస్తదన్న. ఊర్నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసుల బట్టల నడుమ పెట్టి తెచ్చుకున్న డప్పు అల్మారి మీద ఉండె. "యాడ నేర్చుకున్నవ్ అన్నా?" అని ఒకరు అడిగితే "యూట్యూబుల," అన్న. అబద్ధం. మా నాయిన నల్లగొండ దిక్కు చుట్టు ఊర్లల్ల ఎవలు సచ్చినా డప్పు కొట్టిన మనిషి. నా చేతికి సిర్ర, డప్పు కొట్టే పుల్ల, పట్టించింది ఆయననే. ఆ మాట చెప్తే తర్వాత ఏం ప్రశ్న వస్తదో, రాకున్నా కండ్లు ఎట్ల తిరుగుతయో నాకు ఎరుకే. సముద్రాలు దాటొచ్చినా మనోళ్లు ముందు ఇంటిపేరు అడిగి, తర్వాతనే చాయ్ పోస్తరు.

డప్పును కొట్టే ముందు కాపాలె. తోలు వేడికి బిగుసుకుంటెనే మోగుతది. మా ఊర్ల అయితే గడ్డి మంట పెడతం. ఇక్కడ మంట పెడితే ఇంట్ల అలారం మొత్తుకుంటది, గల్లీల ఫైరింజన్ నిలబడ్తది. అందుకని నా భార్య జుట్టు ఆరబెట్టుకునే మిషన్ తీస్కొని కాపిన. "నా జుట్టు కన్న ఆ తోలు మీదనే నీకు పావురం ఎక్కువ," అని ఆమె గొణిగింది. కాపినంక పది నిమిషాలు కొట్టిన్నో లేదో, తలుపు చప్పుడైంది.

నాకు కోపం ముక్కు మీద ఉంటది. జర్మన్‌ల కొట్లాడేందుకు నాలుగు వాక్యాలు ఎప్పుడూ తయారుగ పెట్టుకుంట. తలుపు తీస్తే కింది అంతస్తు పెద్దాయన. డెబ్బై దాటిన మనిషి, బక్కగ పొడుగ్గ ఉంటడు, మెడకు నీలం రుమాలు. రెండేండ్ల సంది మెట్ల మీద "హలో" అనుకునుడే తప్ప మాటల్లేవ్. నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నడు: "దెబ్బ మంచిగున్నది. కని ఉరుకుతున్నవ్. ఎనకాల ఎవడన్న తరుముతున్నడా?"

నా నాలుగు వాక్యాలల్ల ఒక్కటి కూడ పనికిరాలె.

ఆయనది ఈ దిక్కు పల్లెటూరి జర్మన్. తరగతుల కూసొని నేర్చుకున్న నా జర్మన్‌కు అది సగమే చిక్కేది. ఆర్నెల్లయినంక మాత్రం ఆ యాస నాకు మా ఊరి యాస లెక్కనే వినపడుడు మొదలైంది. అందుకే ఇక్కడ ఆయన మాటల్ని మా యాసల్నే రాస్తున్న.

ఆ వారం నుంచి శనివారం మాపటి పూట ఆయన వంటింట్ల కూసునుడు అలవాటైంది. ఆయన గిటార్ వాయిస్తడు, పాడ్తడు. నేను డప్పు తీస్కపోయేటోన్ని, లేకుంటె బల్ల మీదనే కొట్టేటోన్ని. పద్దెనిమిదేండ్లప్పుడు ఇక్కడి అమెరికా సైన్యం క్యాంపుల గిన్నెలు కడిగే పనికి చేరిండట. ఆ వంటింట్ల పని చేసే ఒక నల్లజాతి సిపాయి ఆయనకు గిటార్ నేర్పిండు, బ్లూస్ పాటలు నేర్పిండు. ఆ సిపాయి నాలుగేండ్లకు వాపస్ పోయిండు. మల్ల ఉత్తరం లేదు, పత్తరం లేదు. ఆయన నేర్పిన ఒక పాట మాత్రం ఈయన తాన ఉండిపోయింది.

బ్లూస్ అంటే తాగి ఏడ్సేటోళ్ల పాటలని అనుకునేటోన్ని. ఈ పాట వినేదాంక అదే అనుకున్న. మూడు లైన్లు. మొదటిదాన్నే రెండు మాట్ల అంటరు, మూడోది దానికి జవాబు. మా మాటలల్ల చెప్పాల్నంటే ఇట్ల ఉంటది:

గోడ మీద గడియారం ఆగింది, ఎవరూ సూడలే.
గోడ మీద గడియారం ఆగింది, ఎవరూ సూడలే.
నేను సూసిన, కని చెప్పేతందుకు ఎవరున్నరు?

గంతే. ఇసొంటియే ఐదు చరణాలు. ఆ పాట ఏడ్వది. ఏడ్సుడంత అయిపోయి, మొఖం కడుక్కొని, ఇగ పొయ్యి ముట్టిద్దామా అనుకుంట కూసున్న మనిషి ఎట్ల ఉంటదో అట్ల ఉంటది. స్వరాల సంగతి అడిగితే పెద్దాయన వేలుతోని తీగను జర పైకి నూకి సూపెట్టిండు. సంతోషానికి ఒక స్వరం ఉంటదట, దుఃఖానికి దాని పక్క స్వరం ఉంటదట, ఈ పాట ఆ రెండింటి నడుమ సందుల నిలబడ్తదట. పియానోల ఆ సందు దొరకదన్నడు. గొంతుల, తీగల మాత్రమే దొరుకుతది.

ఇగ నడక. ఒక లైను పాడంగనే దగ్గర దగ్గర అంతే సేపు పాటగాడు నోరు మూసుకోవాలె. ఆ ఖాళీల గిటార్ జవాబిస్తది. "పాట అందరూ పాడ్తరు. ఈ ఖాళీని ఆగబట్టుడే కష్టం," అనేటోడు పెద్దాయన. నేను ప్రతిసారి ఖాళీ నింపేతందుకు ఉరికేది. ఆయన ప్రతిసారి నా మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి ఆపేది.

ఈ పాట ఆయన సొంత సంతోషానికి పాడేది కాదని నాకు చలికాలంల తెలిసింది. ఆయన భార్య ఊరి చివర ఉన్న హైమ్‌ల, ముసలోళ్లను సూసుకునే జాగల, ఉంటది. మతి పోయింది. మూడేండ్ల సంది ఆమెకు ఈయన ఎవరో తెలియదు. అన్నం తినుమంటే మూతి బిగబడ్తది. నర్సులు బతిమిలాడి బతిమిలాడి జ్యూసు, సూపు పట్టిస్తరు. కని ఈయన గిటార్ తీసి ఆ పాట ఎత్తుకుంటే ఆమె మొఖం ఇటు తిరుగుతది. ఒక ఆదివారం నన్నూ తీస్కపోయిండు, కండ్లార సూసిన. ఆయన "ఎవరూ సూడలే" అని ఆగంగనే, ఆ ఖాళీల ఆమె "ఊఁ..." అన్నది. సన్నగ, సరిగ్గ శ్రుతిల. ఊఁ అన్నప్పుడు నోరు తెరుసుకుంటది గద, నర్సు అప్పుడు చెంచ పెట్టింది, మెత్తగ మెదిపిన ఆలుగడ్డ. ఆమె మింగింది. మల్ల లైను, మల్ల ఊఁ, మల్ల చెంచ. ఐదు చరణాలు రెండు సార్లు తిప్పేసరికి గిన్నె ఖాళీ అయింది. పెండ్లికి ముందు నుంచి కూడ ఆయన పాడ్తుంటే ఆమె అట్లనే ఊఁ కొట్టేదట. ఆయన వారానికి నాలుగు రోజులు బస్సెక్కి పోయేది, చెంచ కోసరం పాడేది.

గొంతు బొంగురు పోవుడు ఎప్పుడో మొదలైందట, నేనే గుర్తు పట్టలే. కలిసిన కొత్తల ఆయన పాటను ‘ఏ’ శ్రుతిల ఎత్తుకునేది. చలికాలం నాటికి ‘జి’కి దిగిండు. ఎండాకాలం ముంగట ‘ఇ’కి వచ్చిండు. గిటార్‌ల అంతకన్న కింద తీగ లేదు. ఒక శనివారం పోయేసరికి ఆరు తీగలనూ వదులు చేస్తున్నడు. "ఇంకా కిందికా?" అని నవ్విన. "గొంతు కిందికి పోతుంటే పాట ఎంట పోవాలె గద," అన్నడు ఆయన, మెడ రుమాలు సదురుకుంట. రుమాలు ఎనుక చర్మం కమిలి నల్లగుండె. గొంతు క్యాన్సర్. రేడియేషన్ కరెంటు పెట్టిన్రు, తగ్గలే. గొంతుపెట్టె మొత్తం తీసేస్తమని, మెడకు బొక్క పెడితే దాని నుంచే ఊపిరి తీస్కోవాలని డాక్టర్లు చెప్పిన్రు. మూడు వారాలల్ల టెర్మిన్, అంటే ఆపరేషన్‌కు ఇచ్చిన తారీఖు.

"తర్వాత మిషన్ పెట్టి మాట్లాడిస్తరట," అన్నడు. "మాటలు వస్తయి. పాట రాదు."

మల్ల ఆయననే అన్నడు: "నా పాటను డబ్బాల ఎక్కియ్యొద్దని పట్టుబట్టినోన్ని నేను. ఏ రికార్డూ లేదు. హైమ్‌ల తీసుకుందామంటే, ఆడి మనుషుల సంగతులు బయటికి పోవద్దని కానూన్ ఉన్నది, డాటెన్‌షుట్స్ అని ఒప్పుకోరు. ఇగ ఇంట్లనే తీద్దాం, గొంతు ఉండంగనే. ఆమె తినాలె. నాకు ఊపిరి ఆడ్తలేదు, ఊపిరి కోసరం ఆగితే పాట కుంటుతది. నా ఊపిరి కోసరం ఆగని దెబ్బ ఒకటి ఎనుక ఉండాలె. నువ్వు కొట్టు."

కొడతనన్న. గర్వంగనే అన్న. అప్పుడు ఆయన, ఆమె ఎరిగిన నడక ఇది అని, పిడికిలితోని బల్ల మీద కొట్టి సూపెట్టిండు.

అది మా నాయిన పాడె దెబ్బ.

సావు డప్పు అంటే ఊగే దెబ్బలు, చిందులేసే దెబ్బలు ఉంటయి, అందరికీ తెలిసినవే. కని మా నాయిన, పాడె లేచిన కాడి నుంచి దింపుడు కల్లం దాంక, అంటే పాడెను నడుమ దించి సచ్చినోళ్ల చెవుల పేరు పెట్టి పిలిచే జాగ దాంక, ఒకటే దెబ్బ కొట్టేటోడు. ఒక దెబ్బ, పెద్ద ఖాళీ, సిటికెన పుల్లతోని సన్నగ రెండు, మల్ల ఖాళీ. దాన్ని నిమ్మళం దెబ్బ అనేటోడు. "ఏడ్సేది ఇంటోళ్లు. మనం మోసేటోళ్ల కాళ్లకు లెక్క చెప్పేటోళ్లం. నువ్వు ఉరికితే పాడె ఒరుగుతది," అనేటోడు. పెద్దాయన పిడికిలి అదే లెక్క కొట్టింది. ఖాళీ కూడ అంతే.

నాకు ఏడెనిమిదేండ్లప్పుడు ఒకనాడు ఇంటి ముంగట బకెట్ బోర్లిచ్చి ఆ దెబ్బ కొట్టిన. నాయిన ఎట్ల కొడ్తడో అట్లనే రావాలని ఆశ. మా అమ్మ అప్పుడు కడుపుతోని ఉన్నది. నాయిన ఉరికొచ్చి సిర్రతోని నా కణుపుల మీద కొట్టిండు. "ఇంట్ల మనుషులు బతికుండంగ ఆ దెబ్బేందిరా? ఎవర్ని సాగనంపుదామని?" నెల తిరగకముందే అమ్మ కడుపు పోయింది. నీ వల్లనే అని నన్ను ఎవరూ అనలే. నీ వల్ల కాదు బిడ్డా అని కూడ ఎవరూ అనలే.

నేను కంప్యూటర్ సైన్సు చదివిన. పొద్దంత ఆఫీసుల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్త, తప్పు ఎక్కడుందో రుజువు పెట్టి సూపిస్త. అయినా ఆ పొద్దు నా చెయ్యి లేవలే. బతికున్న ఆడామె కోసరం, బతికున్న మొగాయన ముంగట పాడె దెబ్బ ఎట్ల కొట్టాలె? కొట్టనంటే ఎందుకని అడుగుతడు. ఎందుకో చెప్పాల్నంటే మా నాయిన ఏం పని చేసిండో చెప్పాలె. పదేండ్ల సంది దాచుకుంట వచ్చిన ముచ్చట నోటికి రాలె.

"అంత నిమ్మళంగ నాకు రాదు," అన్న.

ఆయన నా చేతుల దిక్కు సూసిండు. "నీకు ఎంత వస్తె అంత కొట్టు," అన్నడు.

ఆ తర్వాతి శనివారం రికార్డు చేసినం. నా ఫోను బల్ల మీద, రెండు పుస్తకాల నడుమ. మూడు సార్లు తీసినం. ఆయన నిమ్మళంగ ఎత్తుకుంటడు, నేను ఉరుకుత. ఊరికెనే ఉరికిన అంటె తప్పు, కావాలని ఉరికిన. ఆ దెబ్బ దగ్గరికి వచ్చినప్పుడల్ల బెదిరిన బర్రె లెక్క పక్కకు గుంజుకున్న. ఉరికేసరికి లైనుకు లైనుకు నడుమ ఖాళీ సన్నబడ్డది. ఆయన ఊపిరి తీసుకునేది ఆ ఖాళీలనే. అది లేకపోయేసరికి లైన్ల తోకలు తెగినయి. "చెప్పేతందుకు" అంటడు, "ఎవరున్నరు" గాలిల పోతది. మూడోసారి అయినంక గిటార్ మీద తల ఆనిచ్చి దగ్గిండు. "ఆమె పాట ఇది కాదు," అన్నడు. "వచ్చే శనివారం మల్ల చేద్దాం. ఇంకా టైం ఉన్నది."

మీదికి వచ్చి నా భార్యకు చెప్పిన. ఆమెకు మా ఇంటి సంగతులన్ని ఎరుకే. "చెప్పెయ్యరాదు ఆ పెద్దమనిషికి, మాది ఇట్ల అని," అన్నది. నేను కసురుకున్న. "నీకు నోరెక్కువ. చెప్పాల్సిన కాడ మాత్రం మూతబడ్తది," అన్నది ఆమె.

ఈ దేశంల టెర్మిన్ దొరకాల్నంటే దేవుడు దిగిరావాలె. పన్ను నొప్పికి రెండు నెలలు తిరిగిన నేను. కని ఆయనకు మాత్రం టెర్మిన్ ముందుకు వచ్చింది. సోమవారం ఆసుపత్రి నుంచి ఫోను: మంచం ఖాళీ అయింది, మంగళవారం వచ్చి చేరుమన్నరు, బుధవారం ఆపరేషన్.

మంగళవారం పొద్దుగాల ఆయన సంచి పట్టుకొని మా తలుపు కొట్టిండు. రెండో చేతుల గిటార్. "ట్యాక్సీ వచ్చేతందుకు ఇరవై నిమిషాలున్నయి," అన్నడు. "నాకు ఒక్కసారి చాలు. నువ్వు నిమ్మళంగ కొట్టగలవు. నీ చేతులు కొట్టగలవని నాకు తెలుసు. కొడతవా?"

ఇరవై నిమిషాలు. పాట ఐదు నిమిషాలు కూడ కాదు. నా డప్పు అల్మారి మీదనే ఉన్నది, లేకున్నా బల్ల ఉన్నది. నేను ఆయన మెడ రుమాలు సూసిన. ఆపరేషన్‌కు పోయే మనిషికి ఎదురుంగ పాడె దెబ్బనా? నా కణుపులు నిజంగ సలిపినయి. తల అడ్డం ఊపిన. "రాదు," అన్న మల్ల.

ఆయన గిటార్‌ను మా గోడకు ఆనిచ్చిండు. "అయితే ఉన్నదే వినిపియ్యి ఆమెకు. మూడోది జర నయం," అని మెట్లు దిగిండు. ఆయన గొంతుతోని నేను విన్న ఆఖరి మాటలు అవే.

బుధవారం మాపటికి ఆపరేషన్ మంచిగైందని తెలిసింది. నేను కొట్టకుంట ఉన్నందుకే బతికిండని ఒక పెంట ఆలోచన వచ్చింది. సిగ్గు లేకుంట దానికి సంతోషపడ్డ కూడ.

ఆదివారం ఫోను, చిన్న స్పీకరు పట్టుకొని హైమ్‌కు పోయిన. నర్సు గిన్నె, చెంచ పట్టుకొని కూసున్నది. పాట పెట్టిన. ఆ గొంతు వినంగనే ఆమె తల ఇటు తిరిగింది. హమ్మయ్య అనుకున్న. మొదటి లైను అయింది. ఆమె పెదవులు విచ్చుకున్నయి, ఊఁ అందామని. అప్పటికే రెండో లైను వచ్చేసింది. ఆమె ఆగింది. రెండో లైను కాంగనే మల్ల పెదవులు కదిపింది, మల్ల పాట ముందుకు పోయింది. మూడోసారి ఆమె ప్రయత్నం చెయ్యలే. మూతి బిగబట్టి కిటికీ దిక్కు తిరిగింది. ఆమె జవాబు పట్టేంత జాగ ఆ పాటల నేను ఉంచలే.

ఇంటికొచ్చి లాప్‌టాప్ ముంగట కూసున్న. సాఫ్ట్‌వేరోన్నే గద, పాటను సాగదీసిన. పాట సాగింది, దాంతోని ఆయన ఆయాసం కూడ సాగింది. ఎవరో నీళ్లల్ల మునుగుకుంట పాడినట్టు వచ్చింది. లైన్లను కోసి నడుమ ఖాళీలు అతికిచ్చిన. అది పట్టుకొని మల్ల పోయిన, ఇంకోతీరు చేసి ఇంకోసారి పోయిన. ఆమె తల కూడ తిప్పలే. నర్సు నా భుజం తట్టి, మీరు మంచి మనిషి అన్నది. ఆ మాటకు నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

ఆసుపత్రికి పోతే పెద్దాయన మెడకు కట్టు, కట్టు నడుమ గొట్టం. అండ్లకెళ్లి ఊపిరి బుస్సుబుస్సుమంటున్నది. పిల్లల పలక అసొంటిది ఒకటి ఇచ్చిన్రు, రాసి తుడిచేది. నన్ను సూడంగనే రాసిండు: "తింటున్నదా?"

తలూపిన. ఆయన కండ్లు మూసుకొని పండుకున్నడు, మొఖం తేటగైంది. ఆ మొఖం సూసి లేచి వచ్చేసిన. మూడు వారాలల్ల నాలుగు మాట్ల అడిగిండు, నాలుగు మాట్ల తలూపిన.

ఇంటికొచ్చిన రోజే ఆయన నా భార్య తాన గిటార్ తీస్కొని హైమ్‌కు పోయిండు. ఆమె చెంపలు గుంజుకపోయి ఉన్నయి. నర్సులు అంత చెప్పిన్రు. మాపటికి మా తలుపు చప్పుడైంది. పలక మీద ముందే రాసుకొచ్చిండు: "ఎందుకు?"

అప్పుడు చెప్పిన. గుమ్మంల నిలబడే చెప్పిన. మా నాయిన, పాడె, దింపుడు కల్లం, బకెట్, అమ్మ కడుపు, అన్ని. నాకు వచ్చిన జర్మన్‌ల వంకరటింకరగ చెప్పిన. రాదన్నది అబద్ధమని, అది నాకు నడక కన్న ముందు వచ్చిందని చెప్పిన. ఆయన ఊపిరి గొట్టంల బుస్సుబుస్సుమన్నది. పలక మీద ఏదో రాయబోయిండు, పెన్ను పలక బద్దలైతున్నట్టు గీకింది, తుడిచేసిండు. మల్ల రాయబోయిండు. ఆఖరికి పెన్నును మెట్ల మీదికి ఇసిరికొట్టి దిగిపోయిండు. తిట్టేతందుకు ఆయనకు గొంతు లేదు. తిట్టించుకునే అదృష్టం నాకూ లేదు. నేను కింద మెట్టు మీద పెన్ను ఏరుకొని ఆడనే కూసొని ఏడ్సిన.

నాలుగు రోజులకు తలుపు కింద చీటీ వచ్చింది. "ఆదివారం పదకొండున్నర. హైమ్." ఇంకేం లేదు, సంతకం కూడ లేదు.

పోయిన. ఆయన గిటార్ పట్టుకొని అప్పటికే మంచం పక్కన కూసున్నడు. నన్ను సూసి తల ఊపలే, బల్ల దిక్కు గడ్డంతోని సూపెట్టిండు అంతే. నర్సు గిన్నె పట్టుకొని నిలబడ్డది. నేను మంచానికి ఉండే అన్నం బల్ల మీద చేతులు పెట్టిన. మనసుల మా నాయినకు దండం పెట్టుకున్న. కొట్టిన. ఒక దెబ్బ, ఖాళీ, సన్నగ రెండు, ఖాళీ. తెలిసి తెలిసి జీవితంల మొదటిసారి బతికున్నోళ్ల మీద ఆ దెబ్బ కొట్టిన. అంత సుళువుగ వచ్చింది, అదే నాకు ఎక్కువ బాధైంది.

పెద్దాయన గిటార్ ఎత్తుకున్నడు. మొదటి లైను ఉండాల్సిన జాగల పెదవులు కదిపిండు, గాలి మెడల నుంచి పోయింది. మొదటి లైను పోయినంక ఖాళీ వచ్చింది. నేను ఉరకలే. ఆగిన.

"ఊఁ..." అన్నది ఆమె.

నర్సు గబుక్కున చెంచ లేపింది. అంటే ఆ మంగళవారం ఇరవై నిమిషాలల్ల నేను ఇట్ల కొట్టి ఉంటే ఈమె తినేది. ఇప్పుడే కాదు, ఎన్నాళ్లైనా తినేది. ఈ ఊఁ ఆ రికార్డుల ఇమిడేది.

రెండో లైను జాగ వచ్చింది. దెబ్బ నడుస్తున్నది, తీగ నడుస్తున్నది. ఆమె తల ఎత్తి వింటున్నది. వినపడాల్సింది వినపడక ఆమె నుదురు ముడతలు పడ్డది. చెంచను చేత్తోని పక్కకు జరిపి నన్ను సూసింది. నెలల తర్వాత ఆమె నోట మాట వచ్చిందని నర్సు తర్వాత చెప్పింది.

"పాడేటాయన ఏడి?" అన్నది.

పెద్దాయన గిటార్ ఆపి, చెయ్యి తన ఛాతీ మీద పెట్టుకున్నడు. ఆమె ఆయనను కింది నుంచి మీదికి సూసింది, మెడల గొట్టం సూసింది.

"మీరు కాదు," అన్నది, కొత్తోళ్లతోని మాట్లాడే మర్యాదతోని. "పాడేటాయన."

ఆయన నా దిక్కు తిరిగిండు. ఇగ ఈమెకు ఏం చెప్దామని ఆ కండ్లు అడుగుతున్నయి. నేను బల్ల మీద నుంచి చేతులు తీసిన.

"వస్తడు," అన్న.

ఆమె తల ఊపింది, సంబురంగనే. "అయితే ఆయన వచ్చినంకనే తింట," అని మూతి మూసుకున్నది.